‘వీ’లో మేమా, మనమా?

పలుకు తల్లికి మ్రొక్కెద భక్తితోడ
పేరు బదులుగా నిలిచెడి బీద మాట
పెద్ద జేసిన నక్కకు పిదప బుద్ధి
చెప్పు కథ చెవి నుంచుడీ చిన్నలార!

ఇది వాచాలకుడనే నక్క కథ. వాడు ఇంగ్లీషు నేర్చిన నక్క. నేర్చింది గుప్పెడు, చాటింది గంపెడు.

అనగనగా ఒక అడవిలో ఒక ఎండు వాగు. ఆ వాగు ఇసుకలో ఒకే ఒక చెలమ. ఇసుక తవ్వితే ఊరే నీటిగుంటను చెలమ అంటారు. వేసవిలో అడవికంతటికీ అదే ప్రాణాధారం. కానీ ఇసుక జారి అది నిత్యమూ పూడిపోతుండేది. అందుకని అక్కడ ఒక కట్టుబాటు ఉండేది. ఎవరు వచ్చినా ముందు మూడుసార్లు ఇసుక తోడాలి. ఆ తరువాతే నోరు తడుపుకోవాలి. ఆ కట్టుబాటును ఏదుపంది అవ్వ కంటికి రెప్పలా కాపాడుతూ వచ్చింది.

వాచాలకుడు ఒక ఏడాది పట్నంలో, ఒక బడి వంటశాల వెనుక పొదలో కాపురమున్నాడు. ఎంగిలి మెతుకుల కోసం కిటికీ కింద కాచుకుని ఉంటే, పైనుంచి ఇంగ్లీషు వ్యాకరణం చెవిన పడింది. సర్వనామాల పాఠం దాకా విన్నాడు. క్రియల పాఠం మొదలైన నాడే వంటవాడు కర్ర తీశాడు. అందువల్ల ఆ మహాపండితుడికి క్రియ అబ్బలేదు. సర్వనామాలు మాత్రమే వెంటబెట్టుకుని అడవికి తిరిగి వచ్చాడు.

మొదటినాడు చెలమ పక్కనున్న బండ ఎక్కి కూర్చున్నాడు.

“మృగములారా, వినండి! పేరుకు బదులు నిలిచే మాట సర్వనామం. అందులో మొదటి రకం పురుషవాచకం. ‘ఐ’ అంటే నేను. దానిని వాక్యంలో ఎక్కడ రాసినా పెద్దక్షరంతోనే రాయాలి. ‘యూ’ అంటే నువ్వు. దానికి చిన్నక్షరం చాలు. కనుక నేను బండమీద, మీరు బండకింద!” అన్నాడు.

“ఆహా! ఎంత లోతైన శాస్త్రం!” అని దీర్ఘపుచ్ఛుడనే కొండముచ్చు తోక చుట్టి దండం పెట్టాడు.

రెండవనాడు ఏదుపంది అవ్వ ఇసుక తోడుతుంటే, “యూ! కాస్త పక్కకు జరుగు” అన్నాడు.

“ఏమిరా మనవడా, నన్ను నువ్వంటావా?” అంది అవ్వ.

“నువ్వు అనలేదు. ‘యూ’ అన్నాను. ఇంగ్లీషులో నువ్వూ అదే, మీరూ అదే.”

“అయితే నేనూ నిన్ను ‘యూ’ అనవచ్చునా?”

“నిరభ్యంతరంగా! నేను మాత్రం దానిని ‘మీరు’ అని వింటాను.”

మూడవనాడు ఇద్దరు దుమ్ములగొండులను వెంటబెట్టుకుని వచ్చాడు. ఒకడు కరకుడు, ఒకడు బరకుడు. వాచాలకుడి చేతిలో ఒక టేకాకు ఉంది. దాని మీద గోటితో గీసిన మూడు వాక్యాలున్నాయి.

“ఎగువ అడవి పందులు ఈ నీటిమీద కన్నేశాయి. అందుకే ఈ శాసనం. దిస్ ఈజ్ అవర్స్. వీ డ్రింక్. దే డోంట్. ‘దిస్’ నిర్దేశవాచకం, దగ్గరిదాన్ని చూపుతుంది. ‘అవర్స్’ స్వామ్యవాచకం, సొంతదారును చెబుతుంది. ‘దే’ అంటే వారు. అందరూ వచ్చి పాదముద్రలు వేయండి” అన్నాడు.

అవ్వ ముళ్లు సర్దుకుని ముందుకు వచ్చింది.

“నాయనా, ఎదుటివాణ్ణి కలుపుకుంటే మనం. విడిచిపెడితే మేము. మరి నీ ‘వీ’లో నేనున్నానా, లేనా?”

“ముసలమ్మా, అంత పెద్ద భాషలో ఇంత చిన్న పట్టింపులుండవు” అని వాచాలకుడు పకపకా నవ్వాడు.

“అవ్వా, మా పరువు తీయకు! ఎగువ అడవివాళ్లు వింటే మమ్మల్ని మొరటువాళ్లనుకుంటారు” అని కొండముచ్చు విసుక్కున్నాడు.

చంచల అనే లేడికీ అదే అనుమానం. దాని పక్కన పదిహేను రోజుల కూన నిలబడి ఉంది. ‘అడుగుదునా? అడిగితే నన్నూ నవ్వుతారేమో’ అనుకుంది. అడగలేదు. ఆకుమీద గిట్ట వేసింది. కొండముచ్చు రెండు చేతులూ వేశాడు. తక్కినవారూ వేశారు. అవ్వ ఒక్కతే వేయలేదు.

మరునాడు ఉదయం చంచల కూనతో చెలమ దగ్గరకు వచ్చింది. దారికి అటు కరకుడు, ఇటు బరకుడు. పైన బండమీద వాచాలకుడు.

“ఆగు! ‘అవర్స్’ అంటే మాది. ‘దే’ అంటే మీరు.”

“నక్క మామా! మనది అన్నావు కదా!”

“‘అవర్స్’ అన్నాను. మనది అని నువ్వు అనుకున్నావు. అనుకున్న బుద్ధి నీది, వేసిన గిట్టా నీదే.”

“పోనీ, నా బిడ్డకైనా ఒక్క గుక్క పోయనీ. నాలుక పిడచకట్టుకుపోతోంది.”

“బిడ్డనా? చిన్న కూనను ‘ఇట్’ అంటారు. రాయినీ ‘ఇట్’ అనే అంటారు. రాయికి దాహమేమిటి?”

కూన అక్కడే చతికిలబడింది. అప్పుడు అవ్వ వచ్చి, “లే తల్లీ. వాగు వంపులో తుంగ ఇంకా పచ్చగా ఉంది. అక్కడ నీరుంటుంది. పదండి, తవ్వుదాం” అంది.

అలాగే గెంటబడ్డ తక్కిన మృగాలూ వచ్చి చేరాయి. అందరూ తవ్వారు. కొండముచ్చు తలెత్తకుండా తవ్వాడు. మిట్టమధ్యాహ్నానికి తడి ఇసుక తగిలింది. కూన దానినే నాకింది. పొద్దు వాలేలోగా జానెడు నీరు ఊరింది. మొదటి గుక్క కూనకే పోశారు. అది తలెత్తి తల్లిని చూసింది. చంచల కళ్లు చెమ్మగిల్లాయి.

అక్కడ పాత చెలమ దగ్గర ముగ్గురూ తాగారు. ఇసుక మాత్రం ఎవరూ తోడలేదు. మూడవనాటికి చెలమ పూడిపోయింది.

“వీ మస్ట్ డిగ్!” అని వాచాలకుడు ఆజ్ఞాపించాడు.

“ఏ వీ? తాగే వీలో మేమున్నాం. తవ్వే వీలో లేము” అన్నాడు కరకుడు. బరకుడు ఆవులించాడు. ఇద్దరూ వేరే అడవి చూసుకున్నారు.

వాచాలకుడు వాగు వంపుకు పరుగెత్తాడు. “మిత్రులారా! చెలమ మనందరిదీ! రండి, తవ్వుకుందాం!”

“తాగేటప్పుడు మేము, తవ్వేటప్పుడు మనమా మనవడా?” అంది అవ్వ.

“గురువుగారూ, ‘మైసెల్ఫ్’ అని ఇంకొక సర్వనామం ఉందట కదా! ఆత్మార్థకమట. దానికి కాస్త పని చెప్పండి” అన్నాడు కొండముచ్చు.

నక్క తిరిగి వెళ్లి బండమీద ఒంటరిగా కూర్చున్నాడు. పిల్లలూ, ‘ఐ’ అనే అక్షరాన్ని చూశారా? పెద్దక్షరమే. కానీ పశువు లేని గుంజలా ఒక్కటే నిలబడి ఉంటుంది.

ఆ సాయంత్రం దాహం వాణ్ణి బండ దింపింది. తోక ముడుచుకుని వచ్చి అవ్వ ముందు నిలబడ్డాడు.

“అవ్వగారూ, మీరు దయచూపితే...”

“ఓహో, ‘మీరు’ కూడా వచ్చునా నీకు? సరే, ఒక్క ముక్క తెలుగులో చెప్పు. మేమా, మనమా?”

“మనం” అన్నాడు తల వంచుకుని.

“అయితే మూడుసార్లు ఇసుక తోడు.”

జీవితంలో తొలిసారి వాడికి క్రియ అబ్బింది.

“ఇంగ్లీషు చెడ్డ భాషా అవ్వా?” అని చంచల మెల్లగా అడిగింది.

“భాషకేం తల్లీ, బంగారం! ‘వీ’ అని వినగానే ‘హూ’ అని అడగాలి. ఎవరు అని అడిగే ప్రశ్నార్థకమూ సర్వనామమే. ఆ పాఠం వాడు దాచాడు. నవ్వుతారని మీరు అడగలేదు.”

నీతి: సర్వనామం విన్నప్పుడు అది ఎవరి పేరుకు బదులో అడిగి తెలుసుకోవాలి, నవ్వుకు జడిసి అడగనివాడు నీటికి దూరమవుతాడు.

ఈ కథ విన్న మీ నాలుకలపై పలుకు తల్లి కొలువుండుగాక! మీ చెలమలు ఎన్నడూ పూడకుండుగాక! మీరు పలికే ‘మనం’లో అందరికీ చోటుండుగాక!