గూడబాతు సంచిలో ఈరమ్మ ప్రయాణం

పులికాట్ సరస్సు ఒడ్డున సరుగుడు తోటలో ఈరమ్మ అనే ఉడుత ఉండేది. పిడికెడు ఒళ్లు, తోటంతా వినబడే గొంతు. ఒక వానాకాలం వరద తగ్గాక చెట్టు మొదట్లో తడిసి వణుకుతున్న కుందేలు కూన ఒకటి దానికి కనబడింది. తల్లి లేదు, తోడు లేదు. ఈరమ్మ తన గూటిలోని దూదంతా పీకి కింద పడేసి, దానిమీద కప్పింది. ఆ రోజు నుంచి ఆ కూన చెంగి అయింది, ఈరమ్మ పిన్ని అయింది.

చెంగి పెరిగింది. కింద ఇసకలో అది పరిగెడుతుంటే, పైన కొమ్మ మీంచి కొమ్మ మీదికి దూకుతూ ఈరమ్మ కేకలేసేది. "చెవులు వెనక్కి! మలుపొస్తాంది, ఒంగు! ఇంక వదులు కాళ్లని!" ఆ గొంతు వింటూ పరిగెత్తడమే చెంగికి తెలిసిన పరుగు.

నాలుగేళ్లకోసారి తెల్లఇసుక దీవిలో ప్రపంచ పరుగుల పోటీలు జరుగుతాయి. ఈసారి ఈ ఒడ్డు తరఫున చెంగి ఎంపికైంది. తీసుకుపోవడానికి పోటీలవాళ్లే పెద్ద కొంగను పంపారు. అయితే పరిగెత్తేవాళ్లకు మాత్రమే చోటు, వెంట వచ్చేవాళ్లు తమ దారి తాము చూసుకోవాలి.

"నువ్వు లేకుండా నా కాళ్లు ఆడవు పిన్నీ" అంది చెంగి, కొంగ వీపెక్కుతూ.

"ఎవరు రావడం లేదన్నారే? నువ్వు పద. పోటీ నాటికి నీ నెత్తిన ఏ కొమ్మ ఉంటే దాని మీద ఉంటా."

మాటైతే ఇచ్చింది గానీ, సముద్రం ఎట్టా దాటాలో ఈరమ్మకు తెలియదు. పోటీకి ఇంకా పది రోజులుంది.

ఫ్లెమింగోల గుంపు పోటీ ముందురోజు ఆ దీవికే ఎగురుతుందని తోటలో చెప్పుకున్నారు. వాటి వీపు మీద చోటు కావాలంటే మాత్రం నక్క సుంకన్నను అడగాలి. సుంకన్నకు రెక్కలూ లేవు, ఈతా రాదు. కానీ ఎక్కడ ఎవరికి తొందరుందో వాసన పట్టగలడు. తుమ్మపొదలో వెల్లకిలా పడుకుని, ఎవరైనా వచ్చి ధర అడిగితే పక్కనున్న తాటిమొద్దు మీద గోటితో ఒక గీత గీసేవాడు.

పొద్దున్నే పోయి ఈరమ్మ అడిగింది. "దీవికి ఎంత మామా?"

"ఇరవై వేరుశెనక్కాయలు. తిరిగి రావాలంటే ఇంకో ఇరవై."

ఈరమ్మ తొర్రలో ఉన్నవే ఇరవై నాలుగు. ఇంటికొచ్చి కూర్చుని ఆలోచించింది. పోవడమైతే పోదాం, రావడం సంగతి తర్వాత చూద్దాం అనుకుని మధ్యాహ్నం మళ్లీ పోయింది. సుంకన్న కళ్లు మూసుకునే ఉన్నాడు.

"దీవికి ఒక్క చోటు ఇప్పించు మామా."

"ముప్పై."

"పొద్దున ఇరవై అన్నావు గదా!"

"పొద్దున పొద్దునే పోయింది. జనం వచ్చి అడుగుతున్నారమ్మా. అడిగేకొద్దీ పెరుగుతుంది."

ఈరమ్మ పొలాల్లో పడి మరో ఆరు కాయలు ఏరి, సాయంత్రానికి ముప్పై చేసి పరిగెత్తుకుంటూ వచ్చింది. పొద లోపలి నుంచి ఆవులింత వినబడింది.

"నలభై అయిదు. రేపటికి ఎంతవుతుందో నేను చెప్పలేను."

ఈరమ్మ తోక కిందికి వాలిపోయింది. వచ్చే దారిలో నాగులమ్మ అనే బర్రె బురదలో పడుకుని నెమరేస్తోంది. ఎవరు ఏం చెప్పినా చివరిదాకా వినే ఓపిక ఉన్న జీవి అది.

"ఏందే అట్టున్నావు?"

ఈరమ్మ ఏడుస్తూ అంతా చెప్పింది. నాగులమ్మ నమలడం ఆపింది.

"జనం వచ్చి అడుగుతున్నారన్నాడా? నేను పొద్దుటి నుంచి ఈ దారిలోనే ఉండా. అటు పోయింది నువ్వొక్కదానివే. మూడుసార్లు పోయావు."

"అవును."

"పిచ్చిదానా, ఆ జనం నువ్వే! ఆ సోమరి కళ్లు తెరవకుండా గీతలు గీసుకుంటుండాడు. ఎన్ని గీతలుంటే అంతమంది వచ్చారనుకుని నీకే ధర పెంచుతుండాడు."

ఈరమ్మకు ఏడుపులోంచి నవ్వొచ్చింది, మళ్లీ ఏడుపొచ్చింది. "ఇప్పుడు నేనేం చెయ్యాలక్కా?"

"ఎగిరేవాళ్లను పోయి అడుగు, పడుకున్నోడిని కాదు. నా వీపు మీద వాలే కొంగలు చెప్పుకుంటుంటే విన్నా. గుడ్లు పెట్టేముందు, ముక్కు కింద సంచులుండే గూడబాతులు ఆ దీవి దగ్గరికే చేపల వేటకు పోతాయంట. దారిలో రెండుచోట్ల ఆగుతాయి. పోటీకి నాలుగు రోజుల ముందు బయలుదేరతాయి. సుఖమైన ప్రయాణం కాదు, అందుకే ఎవరూ అడగరు."

"సుంకన్నకు తెలిస్తే?"

"తెలిస్తే ఆ గూడబాతుల సంచులు కూడా కొనేసి కూర్చుంటాడు. వాడి చూపు ఇటు తిరక్కుండా ఉండాలంటే, రోజూ పోయి ఫ్లెమింగోల ధర అడుగుతా ఉండు. అడగడం తప్పు కాదు గదా."

మర్నాడు ఈరమ్మ గూడబాతు సముద్రాలమ్మ దగ్గరికి పోయింది. ఆ పక్షి గంభీరంగా ముక్కు దించి చూసింది.

"నా సంచి చేపలకమ్మా, చుట్టాలకు కాదు."

"నేనూ చుట్టాన్ని కాదులే. మా బిడ్డ పరిగెడుతుంది. నా గొంతు వినబడకపోతే భయపడి ఆగిపోతుంది." ఈరమ్మ తొర్రలోని కాయలన్నీ తెచ్చి ముందు పోసింది.

సముద్రాలమ్మ ఆ కాయల వంక చూడలేదు. తన గూటి వంక చూసింది. పుల్లలు ఒక పక్కకు ఒరిగిపోయి ఉన్నాయి. "పోయినేడు గాలికి రెండు గుడ్లు జారి పడిపోయాయి. ఈ ఏడూ కట్టడం కుదరడం లేదు" అంది మెల్లగా.

ఈరమ్మ పీచు తెచ్చింది, గడ్డి తెచ్చింది. మూడు రోజులు పళ్లతో లాగి, కాళ్లతో తొక్కి, గూటిని గిన్నెలా అల్లింది. అంచు ఎత్తుగా, అడుగు మెత్తగా వచ్చింది. సముద్రాలమ్మ ఎక్కి కూర్చుని అటూ ఇటూ కదిలి చూసింది. గూడు కదలలేదు.

"కాయలు నువ్వే ఉంచుకో. మూటాముల్లె తేవద్దు. నేను చేపకోసం నీళ్ల మీద వాలితే వీపెక్కి పట్టుకో."

"మరి తిరిగి రావడం?"

"తీసుకుపోయి నిన్ను అక్కడే వదిలేసి వస్తానా ఏంటి?"

ఆ నాలుగైదు రోజులూ ఈరమ్మ పొద చుట్టూ ఒక్కో పక్క నుంచి పోయి, ఒక్కోసారి ఒక్కో గొంతుతో ధర అడిగింది. సుంకన్న గీతలు గీస్తూనే ఉన్నాడు. ధర నూరు కాయలు దాటింది. ఇంత గిరాకీ తన జన్మలో చూడలేదనుకుని, ఏడాది కోసం దాచుకున్న ఎండు రొయ్యలన్నీ ఫ్లెమింగోలకిచ్చి, గుంపు మొత్తం వీపుల్ని తనే కొనేశాడు.

ప్రయాణం మాత్రం అంత తేలికగా సాగలేదు. సంచి లోపల చీకటి, నీచు వాసన, కాళ్ల కింద ఉప్పునీళ్లు. ఈరమ్మ "ఇంకెంత దూరం?" అని అడిగితే సముద్రాలమ్మ నోరు తెరవలేదు, తెరిస్తే ఉడుత జారిపోతుంది. గొంతులోనే "ఊఁ" అని మాత్రం అనేది. కాసేపటికి ఆ "ఊఁ" కోసమే ఈరమ్మ అడగడం మొదలుపెట్టింది. దీపస్తంభం మీద మొదటిసారి ఆగినప్పుడు, తడిసి ముద్దయిన ఉడుతను సముద్రాలమ్మ రెక్క కిందికి తీసుకుంది.

"నేను మీకు బరువుగా లేనా అక్కా?"

"నోరెత్తని చేపల్ని మోసేకంటే నువ్వే నయం."

పోటీ రోజు పొద్దుటికి దీవి చేరారు. మైదానం నిండా ఎక్కడెక్కడి జంతువులో. గీత దగ్గర తొమ్మిది కుందేళ్లు నిలబడి ఉన్నాయి. చివర్లో చెంగి. చెవులు వాలిపోయి ఉన్నాయి, కళ్లు పైన చెట్ల కొమ్మల్ని ఒక్కొక్కదాన్నే వెతుకుతున్నాయి.

ఈరమ్మ సంచిలోంచి దూకి దగ్గరున్న చెట్టెక్కింది. గొంతు ఉప్పుకు పట్టేసింది. ఒకసారి కేకేయబోయింది, గొంతు రాలేదు. అంతలో పరుగు మొదలైంది. చెంగి ఆఖరున కదిలింది.

"చెంగీ! చెవులు వెనక్కి!"

బొంగురు గొంతే. చెంగి తల ఎత్తలేదు. చెవులు మాత్రం టక్కున వెనక్కి పోయాయి. కొమ్మ మీంచి కొమ్మ మీదికి ఈరమ్మ, కింద చెంగి. "మలుపు! ఒంగు! ఇంక వదలవే కాళ్లని!" చెంగి ఒకరిని దాటింది, ఇద్దరిని దాటింది, ఆరుగురిని దాటింది. మూడోదిగా గీత దాటి, బహుమతి ఇచ్చేచోట ఆగకుండా నేరుగా ఆ చెట్టు మొదట్లోకే పరిగెత్తింది.

"నీ దగ్గర చేపల కంపు పిన్నీ" అంది, ఆ తడి తోకలో మొహం దాచుకుంటూ.

"ఉంటే ఉందిలే. ఆఖర్న కుడికాలు ఈడ్చావు, అది చూసుకో" అంది ఈరమ్మ. 

ఇక్కడ పులికాట్‌లో, దానికి ముందురోజు, ఫ్లెమింగోలు బయలుదేరే వేళకు సుంకన్న పొదలోంచి లేచి ఒడ్డుకొచ్చి నిలబడ్డాడు. ఒక్క ప్రాణీ రాలేదు. నూరన్నవాడు యాభై అన్నాడు, పది అన్నాడు, ఊరికే రండని అరిచాడు.

"మా రొయ్యలు మాకు ముట్టాయి. ఎక్కేవాళ్లు లేకపోతే మేం ఊరికే పోతాం" అన్నాయి ఫ్లెమింగోలు.

రొయ్యలన్నీ పోయినందుకు కనీసం తనైనా దీవి చూసి వద్దామని సుంకన్న ఒకదాని వీపు మీదికి ఎగిరాడు. ఆ సన్నని కాళ్లు మడతపడ్డాయి, పక్షి పక్కకు తప్పుకుంది, నక్క నడుందాకా బురదలో దిగబడిపోయాడు. గుంపు ఆకాశంలోకి లేచిపోయింది.

నాగులమ్మ తాపీగా వచ్చి కొమ్ము అందించింది. "పట్టుకో నాయనా."

"ఎంత తీసుకుంటావు?" అని అడిగాడు సుంకన్న, అలవాటు కొద్దీ.

"ఏమీ వద్దు. గట్టిగా పట్టుకో."

ఎదుటివాళ్ల ఆరాటాన్ని బట్టి ధర కట్టేవాడు చివరికి తన ఆశకే మూల్యం చెల్లించుకుంటాడు.