ఇరవై పెట్టెల ఇసుక

ఈ కథ నాకు మొదట చెప్పింది జల్లెడ శేషమ్మ. పున్నదాసు గారి మఠానికి వంటసాల కట్టేటప్పుడు ఇసుక జల్లించింది ఆమె చేతులే. కళ్ళతో చూసిన మనిషి గనక నేను నమ్మాను. చూడనివాళ్ళ నోట ఇదే కథ ఇంకో నాలుగు రకాలుగా విన్నాను, అవి నాకు పట్టవు. నా చదువు సంతకం దాకానే. అయినా నలభై ఏళ్ళు తాపీ పట్టిన చెయ్యి నాది. ఇసుక సంగతి నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

పున్నదాసు గారికి ఒక అలవాటు ఉండేది. ప్రశ్న అడిగినవాడికి ఆయన జవాబు చెప్పరు, పని చెబుతారు. పని అయ్యాక కూడా ప్రశ్న మిగిలి ఉంటే అప్పుడు రమ్మంటారు. అలా మళ్ళీ వచ్చినవాళ్ళు బహు తక్కువ.

ఆయన శిష్యుల్లో కేశవులు అని ఒకడు. కట్టడానికి సరుకు తెప్పించే పెత్తనం అతనిది. కాలు ఒకచోట నిలవని మనిషి, కన్ను మాత్రం ఖచ్చితం. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు ఉండే కొయ్యపెట్టె ఒకటి చేయించి, అంచులకి ఇనపపట్టీ కొట్టించాడు. నింపాక పైన మట్టపు బద్దతో గీసి చదును చేస్తే గాని దాన్ని ఒక పెట్టె అని ఒప్పుకోడు. అందులో తప్పేమీ లేదు. నేనూ అంతే.

ఇసుకా కంకరా రెండూ తోలేవాడు మల్లెల ఏసోబు. మున్నేటి నుంచి ఇసుక, గుట్ట నుంచి కంకర. ఒకటే బండి, అవే ఎడ్లు. కంకర ఇరవై పెట్టెలు దించాడు. వారం పోయాక కేశవులు మళ్ళీ కొలిస్తే ఇరవై పెట్టెలూ ఉన్నాయి. తర్వాత ఒకనాటి పొద్దున ఇసుక ఇరవై పెట్టెలు దించాడు. ఏటి చెమ్మ మీద ఉన్న ఇసుక జల్లెడలోంచి దిగదు. అందుకని శేషమ్మ దాన్ని నాపరాళ్ళ వాకిట్లో పలచగా నెరిపి ఎండబెట్టింది. సాయంత్రం జల్లెడ పట్టబోయే ముందు కేశవులు ఎందుకైనా మంచిదని కొలిచాడు. పదహారు పెట్టెలు వచ్చాయి. మళ్ళీ కొలిచాడు. పదహారే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈ కథని సభలో చెప్పిన పెద్దమనిషి ఒకాయన కంకర సంగతి ఎగ్గొట్టేశాడు. కంకర లేకపోతే అనుమానం ఎక్కడినుంచి పుడుతుంది? ఒకే బండివాడు తెచ్చిన రెండు సరుకుల్లో ఒకటి తగ్గి, ఒకటి తగ్గకపోవడమే గదా కేశవుల్ని తినేసింది. ఆ మాట లేచి అడిగితే, కూర్చో తాతా అన్నాడు. పన్నెండేళ్ళయింది. ఆయన ఎదురైతే నేను ఇప్పటికీ పక్కసందులోకి తిరుగుతాను.

మర్నాడు ఏసోబు బండి కట్టుకుని వచ్చేసరికి వాకిట్లో మేస్త్రీలు ఉన్నారు, ఇటుక తోలే బండ్లవాళ్ళు ఉన్నారు. కేశవులు అందరి ముందూ అడిగాడు.

"నాలుగు పెట్టెల ఇసుక ఏదిరా ఏసోబూ?"

"దించినప్పుడు మీరే గదయ్యా కొలుచుకున్నారు."

"దించింది ఇరవై. మధ్యాహ్నం ఎడ్లకి నీళ్ళంటూ మళ్ళీ వచ్చావు. అప్పుడు తీశావు."

"నాలుగు పెట్టెలు తలగుడ్డలో మూట కట్టుకుపోయానా అయ్యా?"

బండ్లవాళ్ళు నవ్వారు. ఆ నవ్వు కేశవులుకి తగిలింది.

"కంకరలో ఒక్క రాయి తగ్గలేదు. దేనికి గిరాకీ ఉందో తెలిసి తీసిన దొంగవి నువ్వు!"

ఇక ఎవరూ నవ్వలేదు. మేస్త్రీల ఎదుట దొంగ అనిపించుకున్న బండిని ఆ చుట్టుపక్కల మరే కట్టడం దగ్గరికీ రానివ్వరు, అది అప్పటి కట్టుబాటు. ఏసోబుకి సెంటు భూమి లేదు. బండి ఉంది, ఎడ్లున్నాయి, వాటిని తిప్పుకోవడానికి ఒక పేరుంది. "బాడుగ వద్దయ్యా. ఆ మాట ఒక్కటి వెనక్కి తీసుకోండి," అన్నాడు. "ఇసుక తెచ్చిపెట్టు, తీసుకుంటాను," అన్నాడు కేశవులు.

అన్నాడే గాని అతనికి ఆనాటి నుంచి నిలకడ లేదు. విస్తరి ముందు కూర్చున్నవాడు లేచి వచ్చి కుప్ప చూసి పోయేవాడు. ఎవరైనా బొచ్చెతో వాకిలి దాటితే అందులోకి తొంగిచూసేవాడు. చివరికి మిరపకాయల షావుకారు దగ్గర కాటా అడిగి తెచ్చి, మఠానికి ఒప్పుకున్న సరుకు గనక ఏసోబు తెచ్చిన తర్వాతి బండి ఇసుకని బస్తాలకెత్తి తూయించాడు. అరవై మణుగులు. ఎండబెట్టి సాయంత్రం తూస్తే యాభై ఏడు. కొలతలో ఇరవైకి నాలుగు పోయింది, తూకంలో ఇరవైకి ఒకటే పోయింది. కాటా చూసి దొంగ జంకాడని అతను తేల్చుకున్నాడు. తన లెక్కకి తనే మురిసిపోయి గురువు దగ్గరికి పరుగెత్తాడు.

పున్నదాసు గారు పందిట్లో కూర్చుని తాటాకు చీలుస్తున్నారు.

"గురువుగారూ, ఇసుకా కంకరా కొలతకి కొనడం ధర్మమా, తూకానికి కొనడం ధర్మమా? తూకమే అని నాకు తోస్తోంది. కాటా పెట్టాక వాడి చేతివాటం తగ్గింది."

ఆయన తలెత్తలేదు. "రేపు ఏసోబుని బండి దించి వెళ్ళిపొమ్మను. శేషమ్మని రావద్దను. నువ్వే పెట్టెతో కొలువు, నువ్వే నెరుపు, నువ్వే కాపలా ఉండు. పొద్దుగుంకేదాకా కదలకు," అన్నారు.

రావద్దన్నారు గనక శేషమ్మ గోడవతల నిలబడి అంతా చూసింది. ఏసోబు ఇసుక దించి ఎడ్లని మళ్ళించుకుపోయాడు. కేశవులు ఇరవై పెట్టెలు కొలిచి నెరిపాడు. చుట్టూ పురికొస కట్టాడు. నడినెత్తిన వైశాఖమాసపు ఎండ. కూర్చున్నాడు, లేచాడు, ఇటు నుంచి చూశాడు, అటు నుంచి చూశాడు, మళ్ళీ కూర్చున్నాడు. అన్నానికి పిలిస్తే వెళ్ళలేదు. ఒక కోడి పురికొస కిందుగా దూరి వస్తే గుప్పెడు ఇసుక తీసి విసరబోయి, కొలత తగ్గుతుందని చెయ్యి దించేసి, నోటితోనే అదిలించాడు. పొద్దు వాలాక ఇసుక కుప్పచేసి పెట్టెకెత్తాడు. పన్నెండు, పదమూడు దాకా గట్టిగా లెక్కపెట్టాడు. ఆ పైన గొంతు తగ్గింది. పదహారో పెట్టె మీద బద్ద గీశాక నాపరాళ్ళ మీద ఏమీ మిగల్లేదు.

పున్నదాసు గారు వచ్చారు. "ఎంత?"

"పదహారు."

"ఎవరెవరు వచ్చారు?"

"ఒక్క నరపురుగు రాలేదు గురువుగారూ. పొద్దుట్నుంచీ ఇక్కడ ఉన్నది నేనొక్కణ్ణే."

"అయితే దొంగ దొరికాడన్నమాట."

గోడవతల శేషమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆగలేక, "రొంటిన ఏవన్నా దోపుకున్నాడేమో చూడండయ్యా!" అని కేక వేసింది.

ఇందులో మాయేమీ లేదు. తాపీ పట్టినవాళ్ళకి తెలిసిందే. చెమ్మ ఉన్న ఇసుక పొంగుతుంది. రేణువుకీ రేణువుకీ నడుమ నీటి పొర పట్టుకుని ఒకదానికొకటి ఎడంగా నిలబడతాయి. ఆరితే కూలి దగ్గరవుతాయి. కంకర రాయి బరువుది, దాన్ని ఆ చెమ్మ ఏం కదిలిస్తుంది? తడి ఇసుక పెట్టెతో కొంటే సందులు కొన్నట్టు, కాటాతో కొంటే నీళ్ళు కొన్నట్టు. బండివాడు రెంటిలో ఏదీ దొంగిలించలేదు. ఎండ తీసుకుంది. కేశవులు తెలివిగలవాడే, కాసేపు పిడికిట్లో ఆ పొడి ఇసుక జార్చుకుంటూ నిలబడి, ఇదంతా తనంతట తనే గ్రహించాడు. గ్రహించాక ఏసోబు ఊసెత్తాలా వద్దా? ఎత్తలేదు. మనిషి మళ్ళీ మొదటికే వచ్చాడు.

"కొలతకి కొంటే సందులు, తూకానికి కొంటే నీళ్ళు. మరి దేనికి కొనమంటారు గురువుగారూ?"

పున్నదాసు గారు ఆ పదహారు పెట్టెల కుప్ప వైపు చూశారు, తర్వాత అతని వైపు చూశారు.

"పొద్దుటి ఇసుక సాయంత్రానికి తరిగింది. మొన్న నువ్వన్న మాట ఎంత తరిగిందో, ముందు ఊళ్ళమ్మట తిరిగి కొలుచుకు రా."

కేశవులు తువ్వాలు భుజాన వేసుకుని బయల్దేరాడు. గుమ్మం దాకా వెళ్ళాక చేతిలో మట్టపు బద్ద ఇంకా ఉందని చూసుకుని, గోడకి ఆనించి పోయాడు. ఆ రోజూ రాలేదు, మర్నాడూ రాలేదు అని శేషమ్మ చెప్పింది.

ఆ మఠంలో ఇప్పటికీ ఏటా ఈ కథ చెబుతారు. వంటసాల గోడ మీద రంగుతో రాయించారు కూడా. చదివించుకుని విన్నాను. పైన పెద్ద అక్షరాలతో 'దొంగ బండివాడి కథ' అని ఉందట. రెండుసార్లు వెళ్ళి అడిగాను, పెద్దాయనా చూద్దాంలే అన్నారు. అక్షరం చేతిలో ఉన్నవాళ్ళు మీలో ఎవరైనా ఆ దారిన పోతే, ఆ మాట చెరిపించి, అక్కడ మల్లెల ఏసోబు అని రాయించండి.