పదిహేడు ఒకట్లు

"నిజం చెబితే మనిషి కుంగిపోతాడని తెలిసినప్పుడు, దాచడమే దయ కాదా గురువుగారూ?" అని అచ్యుతుడు అడిగాడు. బొబ్బిలిలో కామశాస్త్రిగారి దగ్గర గణితం నేర్చుకుంటున్న శిష్యుడతను. ఆ ఉదయం సన్యాసమ్మ వచ్చి గుమ్మంలో కూర్చుని చెప్పిన మాటలు విన్న తరువాతే అలా అడిగాడు.

సన్యాసమ్మ భర్త పైడయ్య శాస్త్రిగారి పాత శిష్యుడు, బడిపంతులు. నీటికాసుల జబ్బుతో అతని చూపు పోయి ఆరేళ్లయింది. ఉద్యోగం మాని ఇంట్లో కూర్చున్న నాటి నుంచి అతనికి ఒకటే ధ్యాస. పదిహేడు ఒకట్లు వరుసగా వేస్తే వచ్చే సంఖ్యను ఒకటి తప్ప మరే సంఖ్యా నిశ్శేషంగా భాగించలేదని అతని నమ్మకం. ముప్పై నాలుగు యొక్క గుణిజాలకు ఒకటి కలిపితే వచ్చే సంఖ్యలను పరీక్షిస్తే చాలునని గురువుగారి దగ్గర నేర్చుకున్నాడు. వాటిలో అక్కర్లేనివి మనసులోనే ఏరేసి, మిగిలినవి రోజుకు నాలుగైదు చెప్పేవాడు. నాలుగో తరగతి చదివిన సన్యాసమ్మ వంట ముగించుకుని వచ్చి, కాగితం మీద భాగహారం చేసి శేషం చెప్పేది. శేషం ఉందన్న ప్రతిసారీ అతని ముఖం వెలిగేది.

నిన్న శేషం రాలేదు.

"ఎంత మిగిలిందని అడిగారు. నాలుగని చెప్పీసాను మేస్టారూ. ఆయనకి ఉన్నదల్లా ఆ ఒక్క లెక్కే. ఇప్పుడు చెప్పీమంటారా, దాచీమంటారా?"

శాస్త్రిగారు కండువా వేసుకుని, అచ్యుతుణ్ణి వెంటబెట్టుకుని ఆమెతో బయలుదేరారు.

పైడయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. గురువుగారి గొంతు విని లేవబోయాడు. శాస్త్రిగారు అతని భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి, "నీ భార్య ఒక గుణకారం చెబుతుంది, చెయ్యి," అన్నారు.

సన్యాసమ్మ నిన్న భాగహారం చేసిన కాగితం విప్పింది. "ఇరవై లక్షల డెబ్భై ఒక్కవేల ఏడువందల ఇరవైమూడు," అని ఆగింది. తరువాత రెండోది చదివింది. "ఐదువందల ముప్పై ఆరు కోట్ల ముప్పై రెండు లక్షల ఇరవై రెండువేల మూడువందల యాభై ఏడు."

పైడయ్య కుడివైపు నుంచి మొదలుపెట్టాడు. "ఏడు మూళ్లు ఇరవై ఒకటి. ఒకటి వేసుకో, రెండు చేతిలో." ఆమె వేసింది. తరువాత ముప్పై ఒకటి వచ్చింది, ఆపైన డెబ్భై ఒకటి. మూడో ఒకటి దగ్గర అతని గొంతు సన్నబడింది, కానీ ఆపలేదు. వచ్చిన ఒక్కొక్క ఒకటికీ అరుగు మీద వేలితో ఒక గీత గీసుకుంటూ పోయాడు. పదిహేడో గీత దగ్గర చెయ్యి ఆగింది.

"నిన్న నాలుగు మిగల్లేదండీ," అంది సన్యాసమ్మ. "ఏమీ మిగల్లేదు."

అచ్యుతుడు తల దించుకున్నాడు. పైడయ్య చెయ్యి చాచి ఆమె వేళ్లు వెతికి పట్టుకున్నాడు.

"ఇంతేనా?" అన్నాడు.

"ఇంతేనండీ."

"నిన్న నువ్వు నాలుగన్నప్పుడు నీ గొంతు విన్నానే. ఆరేళ్లలో నీ గొంతు అలా ఎప్పుడూ లేదు. ఒంట్లో ఏదో పెద్ద జబ్బు పెట్టుకుని నా దగ్గర దాస్తున్నావనుకున్నాను. నువ్వు కూడా పోతే నా గతేమిటని తెల్లార్లూ కూర్చున్నాను." అతను నవ్వబోయాడు, కళ్లు నిండిపోయాయి. "ఆ సంఖ్య విడిపోతే విడిపోనీ. కనిపెట్టింది నువ్వే కదా! ఆ రెండూ మళ్లీ చదువు, వింటాను."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని మళ్లీ చదివింది. ఈసారి ఎక్కడా ఆగలేదు.

తిరిగి వచ్చేటప్పుడు శాస్త్రిగారు అచ్యుతుడితో అన్నారు: "ఆ తల్లి దాచింది సున్నాని. అతనికి చేరిన భయం ఎంతో విన్నావు కదా."