ఎడమ కంటి ఆకుపచ్చ

దర్గాలో ఉరుసు మొదలైన వారంలో మూడోసారి దస్తగిరికి లోకం ఆకుపచ్చగా కనిపించింది.

తెల్లవారకముందే నీలిమందు తొట్టి కలియబెట్టాలి. అందుకు లేచాడు. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా ఉన్న సున్నపు గోడ ఆకుపచ్చగా ఉంది. దండెం మీది తెల్లనూలు ఆకుపచ్చగా ఉంది. చెయ్యెత్తి చూసుకున్నాడు. అరచెయ్యి కూడా లేత వేపాకు రంగులో ఉంది. పదిసార్లు ఊపిరి తీసేంతసేపు అలాగే ఉండి, ఆ రంగు మెల్లగా ఇంకిపోయింది. గోడ మళ్ళీ తెల్లబడింది.

మొదటిరోజు భయపడ్డాడు. రెండోరోజు ఆశ్చర్యపోయాడు. మూడోరోజుకి భయమూ లేదు, ఆశ్చర్యమూ లేదు. ఆకుపచ్చ అంటే పీరు రంగు. గుట్ట కింద సమాధిలో నిద్రపోతున్న పీరు తనను పిలుస్తున్నాడు.

దస్తగిరి అద్దకం పనివాడు లాలప్ప దగ్గర నాలుగేళ్ళుగా శిష్యుడు. లాలప్ప దూదేకుల ఇంట్లో పుట్టినవాడు. ఊరికి ఆయన నూలుకు రంగు వేసే ముసలాయన. కొద్దిమందికి మాత్రం గురువు. కూర్చోబెట్టి బోధించడం ఆయనకు చేతకాదు. పక్కన కూర్చుని పని చేసేవాళ్ళకు ఎప్పటికో ఏదో తెలుస్తుంది. తెలియనివాళ్ళు విసుగుపుట్టి వెళ్ళిపోతారు. దస్తగిరి రెండు ట్రంకుపెట్టెల పుస్తకాలు చదివి వచ్చాడు. వెళ్ళిపోలేదు, కానీ ఊరుకోనూ లేదు.

అతని మంటకు కారణం ఒక తాడు.

ఏటా ఉరుసుకు సమాధి మీద కప్పే ఆకుపచ్చ చాదరు లాలప్ప తొట్టిలోనే తయారవుతుంది. ముందు నీలిలో ముంచి, తర్వాత దానిమ్మ తొక్కల రసంలో ముంచితే ఆ పచ్చదనం వస్తుంది. తొక్కలు దంచేది కాశింబి. ముప్పై ఏళ్ళుగా ఆమే దంచుతోంది. సమాధికి గంధం పూసే రోజున చాదరు కప్పగానే ఊళ్ళో అందరూ వరసగా వచ్చి సమాధి మీద చెయ్యి పెట్టేవాళ్ళు. చెప్పులు కుట్టేవాళ్ళు, దూదేకులవాళ్ళు, ఆడవాళ్ళు, ఎవరైనా సరే.

మూడేళ్ళ కిందట దర్గా పెత్తనం చేసే ముర్తుజా సాహెబు సమాధి చుట్టూ నాలుగు గుంజలు పాతి తాడు కట్టించాడు. రద్దీ ఎక్కువైంది, తొక్కిసలాట జరుగుతుంది అన్నాడు. మొదటి ఏడు అది రద్దీ కోసం కట్టిన తాడే. రెండో ఏడు లోపల ఎవరుండాలో, బయట ఎవరుండాలో తేలింది. మూడో ఏటికి అది అనాదిగా ఉన్న ఆచారమైపోయింది. కాశింబి దంచిన రంగు లోపలికి వెళ్తుంది. కాశింబి వెళ్ళదు.

"అవ్వా, ఈ ఏడు ఆ తాడు ఉండదు," అన్నాడు దస్తగిరి, ఆమె రోలు దగ్గరికి వచ్చి.

"పోయినేడూ ఇదే అంటివి."

"పోయినేడు నా దగ్గర ఆవేశమే ఉంది. ఈ ఏడు ఆధారం ఉంది. తరతరాల చీకటిని తగలబెట్టడానికి ఒక్క నిప్పురవ్వ చాలు."

"ఇది ఏ పుస్తకంలోదప్పా?"

దస్తగిరి రోలు అంచు మీది తొక్కముక్క తీసి లోపలికి వేశాడు.

"పుస్తకం సంగతి పోనీలే. తొక్కలు నానబెట్టినావా?"

నానబెట్టలేదు. దాని బదులు ఆకుపచ్చ గోడ సంగతి చెప్పాడు. కాశింబి చేతిలో రోకలి ఆగిపోయింది. చెంగు తలమీదికి లాక్కుని, అతని చెయ్యి తీసుకుని కళ్ళకద్దుకుంది. ఎప్పుడూ తిట్టే మనిషి అలా చెయ్యడం అతను ఎన్నడూ చూడలేదు.

మధ్యాహ్నానికి ఆ మాట టీ అంగడికి చేరింది. సాయంత్రానికి ముర్తుజా సాహెబు స్వయంగా అద్దకపు కొట్టానికి వచ్చాడు. నాలుగేళ్ళలో ఆయన దస్తగిరిని పేరు పెట్టి పిలిచింది అదే మొదటిసారి.

"దస్తగిరీ, నీది గొప్ప నసీబు నాయనా. రేపు గంధం కదా, లోపల నా పక్కన నిలబడు. అందరి ముందూ అడుగుతాను. ఏం చూశావో చెప్పు. నీకు ఆకుపచ్చ తలపాగా చుట్టిస్తాను."

"లోపలంటే, తాడు లోపలా?"

"మరి? పీరు తనవాళ్ళెవరో తానే ఏరుకుంటాడు. నిన్ను ఏరుకున్నాడు. లోపలివాళ్ళు, బయటివాళ్ళు అని ఉందని నీ ద్వారానే తెలియజేశాడు. ఇంతకంటే రుజువేం కావాలి?"

దస్తగిరి తల ఊపాడు. సాహెబు సంతోషంగా వెళ్ళిపోయాడు. ఆయన వీధి మలుపు తిరగగానే దస్తగిరి పరుగున తొట్టి దగ్గరికి వెళ్ళాడు. లాలప్ప తడి నూలు పిండుతున్నాడు.

"ఉస్తాదూ, ఆయన ఉచ్చు ఆయనకే బిగుసుకుంటుంది. రేపు వెయ్యిమంది ముందు నన్ను అడుగుతాడు. తాడు తీసెయ్యమని పీరు ఆజ్ఞాపించాడని చెబుతాను. అప్పుడేం చేస్తాడు?"

"ఆజ్ఞాపించినాడా?"

"ఆకుపచ్చ చూపించాడు."

"తాడు సంగతి ఏమన్నా చెప్పినాడా?"

"చెప్పలేదు. కానీ చూపించింది ఎందుకు మరి? న్యాయం వైపు నిలబడని పీరు ఉంటాడా?"

లాలప్ప నూలు దులిపి దండెం మీద వేశాడు.

"ఈ రాత్రి నేనూ ఈడనే పడుకుంటాలే," అన్నాడు.

ఉరుసుకు బండ్లు వస్తాయని ఆ వారమంతా కొట్టం బయట పెట్రోమాక్స్ దీపం వేలాడదీశారు. దాని వెలుగు తెల్లవార్లూ కిటికీలోంచి లోపలికి పడుతుంది. దస్తగిరి ఎప్పటిలాగే కుడిపక్కకు తిరిగి, కుడి చెంప గోనెసంచి మడతలో కూరుకుపోయేలా పడుకున్నాడు. లాలప్ప అతని పక్కనే గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆయన నిద్రపోయాడో లేదో తెలియదు.

తొట్టి కలిపే వేళకు దస్తగిరి లేచాడు.

"ఏం కనపడుతోంది?" అన్నాడు లాలప్ప.

"ఆకుపచ్చ." దస్తగిరి గోడవైపు వేలు చూపించాడు. "గోడంతా ఆకుపచ్చే ఉస్తాదూ. మీ గడ్డం కూడా."

లాలప్ప తన అరచెయ్యి అతని కుడికంటి మీద పెట్టాడు. నీలిమందు వాసన వేసింది. గోడ ఇంకా పచ్చబడింది. లాలప్ప ఆ చెయ్యి తీసి ఎడమకంటి మీద పెట్టాడు.

గోడ తెల్లగా ఉంది. నూలు తెల్లగా ఉంది. ముసలాయన గడ్డం తెల్లగా ఉంది.

చెయ్యి మళ్ళీ కుడికంటి మీదికి వచ్చింది. ఆకుపచ్చ. ఎడమకంటి మీదికి. తెలుపు.

"పీరు నీ ఎడమ కంటికి ఒక్కదానికే కనపడతాడా?" అన్నాడు లాలప్ప.

దస్తగిరి తల తిప్పి కిటికీ వైపు చూశాడు. పెట్రోమాక్స్ బుస్సుమంటూ వెలుగుతోంది. రాత్రంతా ఆ వెలుగు మూసిన ఎడమ రెప్ప మీదే పడింది. కుడికన్ను గోనెసంచి చీకట్లో ఉంది. చూస్తూ ఉండగానే గోడ మీది ఆకుపచ్చ పలచబడి పోయింది.

కాసేపటికి అతనికి కోపం వచ్చింది.

"అయితే ఏమైంది?" అన్నాడు. "పీరు కాదు, దీపమే. కానివ్వండి. ఈ సంగతి మనిద్దరికి తప్ప ఎవరికి తెలుసు? నా అబద్ధం ఆ తాడు కంటే పెద్దదా? ఒక్క మాటతో తాడు పోతుంది. కాశింబవ్వ లోపలికి వస్తుంది. ముప్పై ఏళ్ళు రంగు దంచిన మనిషి ఉస్తాదూ, గుంజ పట్టుకుని మెడ చాచి చూస్తుంది, పోయినేడు నేను చూశాను. మీకు నిజం ముఖ్యమా, ఆ మనిషి ముఖ్యమా?"

లాలప్ప మోకాళ్ళు పట్టుకుని మెల్లగా లేచాడు.

"ముర్తుజా సాహెబు తాడు కట్టిననాడు, ఆయనకు ఏ రంగు కనపడింది?"

లాలప్పే జవాబు కూడా చెప్పాడు.

"ఏ రంగూ కనపడలేదు. బజారుకు పోయినాడు. తాడు కొన్నాడు. కట్టినాడు."

ముసలాయన కర్ర తీసుకుని తొట్టి కలపడానికి వెళ్ళిపోయాడు.

ఆ రోజే గంధం. దర్గా ముందు జనం పోటెత్తారు. కొత్త చాదరు సమాధి మీద పచ్చగా మెరుస్తోంది. తాడు లోపల పదిహేనుమంది పెద్దమనుషులు, వాళ్ళ మధ్య దస్తగిరి. పళ్ళెంలో తలపాగా సిద్ధంగా ఉంది. తాడు బయట, అందరికంటే ముందు కాశింబి నిలబడి ఉంది. రెండు చేతులూ దోసిలి పట్టింది. ఆ వెయ్యిమందిలో అతన్ని అందరికంటే ఎక్కువగా నమ్మింది ఆమే.

"చెప్పు నాయనా," అన్నాడు ముర్తుజా సాహెబు గట్టిగా. "నిద్రలేవగానే ఏం చూశావు?"

ఒక్క మాట చాలు. ఆ మాట నోటిదాకా వచ్చింది. అది బయటికి రావడమే ఆలస్యం, ఈ జనమే తాడు పీకి పారేస్తారు. దస్తగిరి కాశింబి వైపు చూడకుండా ఉండాలనుకున్నాడు. చూశాడు.

"పెట్రోమాక్స్ దీపం చూశాను," అన్నాడు. "రాత్రంతా ఎడమకంటి మీద వెలుగు పడేది. లేవగానే ఆ కంటికి కాసేపు రంగు మారి కనపడేది. ఎడమకన్ను మూసుకుంటే ఏమీ లేదు. పీరు నాకు కనపడలేదు. నాతో ఏమీ చెప్పలేదు."

జనంలో వెనక ఎవరో అన్నారు: "మా బర్రెకూ అట్లనే కనపడుతుందేమో అడగాలప్పా." నవ్వులు వరసగా పాకాయి. కాశింబి దోసిలి విడిపోయింది. ఆమె తల దించుకుంది.

ముర్తుజా సాహెబు తలపాగా మీద గుడ్డ కప్పేశాడు.

"పిల్లవాడు ఉపవాసాలతో నీరసించాడు. బయటికి తీసుకుపొండి."

"నేనే పోతాను," అన్నాడు దస్తగిరి.

వెళ్ళాడు. కానీ తాడు కింద నుంచి బయటికి దూరలేదు. నేరుగా మొదటి గుంజ దగ్గరికి నడిచి, దాని ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, ముడి మీద చేతులు వేశాడు.

"ఏం చేస్తున్నావురా?"

"విప్పుతున్నా."

"ఎవరి హుకుం?"

"ఎవరిదీ లేదు."

"పీరు పేరు చెప్పి..."

"పీరు పేరు చెప్పలేదు సాహెబూ. నేను విప్పుతున్నా. నా పేరు దస్తగిరి. దూదేకుల మస్తానమ్మ కొడుకుని. కంప్లెయింటు రాసుకోవాలంటే అదే రాసుకోండి."

ఇద్దరు మనుషులు వచ్చి అతని భుజాలు పట్టి లాగారు. అతను గుంజను కౌగిలించుకున్నాడు. చొక్కా చిరిగింది. గుంజ వదల్లేదు. ఉరుసు రోజున అందరి కళ్ళముందూ కొట్టడానికి వాళ్ళకు మనసొప్పలేదో, సాహెబు సైగ చెయ్యలేదో, కాసేపటికి చేతులు వదిలేశారు. నవ్వులు ఎప్పుడు ఆగిపోయాయో ఎవరూ గమనించలేదు.

ముడి రాయిలా ఉంది. మూడు వానాకాలాలకు నాని, మూడు ఎండాకాలాలకు ఎండి, పీచు పీచుతో కరుచుకుపోయింది. దస్తగిరి గోరు ఒకటి విరిగింది. రక్తం తాడులోకి ఇంకింది. ముడి మాత్రం కదల్లేదు. తల ఎత్తి చూస్తే జనంలోంచి లాలప్ప వస్తున్నాడు. నూలు తెంపే చిన్న కత్తి ఎప్పటిలాగే ఆయన మొలలో ఉంది.

"ఉస్తాదూ, ఆ కత్తి ఇవ్వండి. ఒక్క దెబ్బకు పోతుంది."

లాలప్ప అతని పక్కన కూర్చున్నాడు. కత్తి తియ్యలేదు.

"కోస్తే, తాడు తెగిందంటారు," అన్నాడు. "విప్పితే, ఎవరో విప్పినారంటారు."

దస్తగిరి మళ్ళీ ముడి మీదికి వంగాడు. ఈసారి లాగలేదు. ఒక పీచును వెతికి, దాన్ని గోటితో పైకి తీసి, దాని పక్కదాన్ని పట్టుకున్నాడు. ఎంతసేపు గడిచిందో తెలియదు. ముడి లోపల ఏదో కొంచెం సడలింది.

అప్పుడు తాడు అవతలి వైపు నుంచి కదిలింది.

రెండో గుంజ దగ్గర కాశింబి కూర్చుని ఉంది. దానిమ్మ తొక్కల మరకలున్న వేళ్ళతో ముడి తడుముతోంది. అతని వైపు చూడలేదు. ముఖంలో కోపం ఇంకా అలాగే ఉంది. వెనక నిలబడిన ఆడవాళ్ళ వైపు తల తిప్పింది.

"నాలుగు గుంజలున్నాయి," అంది. "ఏంది చూస్తా నిలబడినారు?"