కోడి కడుపు కింద ఎండ

ఒకప్పుడు కోళ్ళు గుడ్లు పొదిగేవి కావు. ఎండ తగిలే ఇసుకలో గుంట తీసి, గుడ్లు పెట్టి, తమ దారిన తాము తిరిగేవి. మిగతా పని సూర్యుడు చూసుకునేవాడు. ఇరవై ఒకటో రోజున పిల్లలు వాటంతట అవే బయటికొచ్చి అమ్మను వెతుక్కునేవి.

అప్పటికి భూమి ఇంకా కొత్తది. ఎండ తనకు తోచిన చోట కాసేది, వాన తనకు బుద్ధి పుట్టినప్పుడు కురిసేది. దాంతో రోజూ గొడవే.

"వాన వద్దు, నా పుట్ట మునిగిపోతోంది" అనేది చీమ.

"వాన లేకపోతే నా గొంతెందుకు?" అనేది కప్ప.

పిల్లి చలి అని ఏడిస్తే, చేప ఎండ అని ఏడ్చేది.

చివరికి అన్నీ ఒకచోట చేరి ఒక మాట అనుకున్నాయి. భూమంతటికీ ఒకే వాతావరణం ఉంటే తగవే ఉండదు. సరే, అది ఎలా ఉండాలో తేల్చేదెవరు?

"దున్నపోతు గారే!" అంది తొండ. "ఎంత వాన కురిసినా వారు కదలరు. ఎండయినా ఒకటే, వానయినా ఒకటే. అంతకంటే న్యాయమైనవారు దొరుకుతారా?"

నిజమే కదా అనుకున్నాయి అన్నీ. పక్షపాతం లేకపోవడమూ, ఏదీ పట్టకపోవడమూ ఒకటే అనుకున్నాయి, పాపం.

దున్నపోతు బురదగుంటలోంచి లేవకుండానే ఆలోచించింది. మూడు రోజులు నెమరేసింది. నాలుగో రోజు నోరు విప్పింది.

"ఈ గుంట ఎంత గోరువెచ్చగా ఉందో, లోకమంతా అంతే ఉండాలి."

"ఆహా!" అని తల ఊపింది తొండ.

పని మొదలైంది. మబ్బును పిలిచి, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా దుప్పటిలా పరుచుకోమన్నాయి. సూర్యుణ్ణి దాని వెనకే ఉండి, వెలుగు వడగట్టి పంపమన్నాయి. గాలిని ఒక్క క్షణం కూడా ఆగవద్దన్నాయి. అడుగంటకుండా జావ కలిపినట్టు, వేడినీ చల్లదనాన్నీ అది కలుపుతూనే ఉండాలి.

కొండమీది మంచు కరిగింది. ఎడారి ఇసుక చల్లారింది. ఎక్కడ చెయ్యి పెట్టినా ఒకటే గోరువెచ్చన.

మామిడిచెట్టు ఎప్పుడు పూయాలో తెలియక నిలబడిపోయింది. కప్ప గొంతు సవరించుకుని, ఎందుకు సవరించుకుందో మరిచిపోయింది. అయినా ఎవరూ నోరెత్తలేదు. అడిగి మరీ తెచ్చుకున్నది కదా!

చుక్కలకోడి మాత్రం తన ఇసుకగుంట దగ్గరికి పరిగెత్తింది.

దాని గుడ్లు పదకొండు. ఎండలో పెట్టి ఏడు రోజులే అయింది. ముక్కు ఆనించి చూసింది. చల్లబడుతున్నాయి. చెవి ఆనించింది. లోపల కొట్టుకుంటున్నది ఇంకా కొట్టుకుంటోంది. కానీ చాలా నెమ్మదిగా.

కోడి రొప్పుతూ బురదగుంట దగ్గరికి వెళ్ళింది.

"అయ్యా, నా గుడ్లకు ఈ వేడి చాలదు. నా గుంట మీద చారెడు ఎండ పడనివ్వండి. పద్నాలుగు రోజులు. అంతే."

దున్నపోతు నెమరేస్తూనే ఉంది.

"నీకిస్తే కాకి అడుగుతుంది," అంది తొండ. "కాకికిస్తే పాము అడుగుతుంది. ఇక అందరికీ ఒకటే అన్న మాట ఏమైపోవాలి?"

"చచ్చిపోతాయి, తొండన్నా."

"అందరికీ ఒకటేనమ్మా. నీ గుడ్లకీ అంతే, ఆ పక్కనున్న గులకరాళ్ళకీ అంతే. రాళ్ళేమైనా అడిగాయా?"

కోడి దున్నపోతు కళ్ళలోకి చూసింది. "మీరు చెప్పండయ్యా."

"ఊఁ," అంది దున్నపోతు. తోకతో ఈగను తోలుకుంది. కోడి ఏడుపు దాని వీపు మీద వానలా కురిసి, జారిపోయింది.

మరునాటికి మూడు గుడ్లలో చప్పుడు ఆగిపోయింది.

కోడి ఇక ఎవర్నీ అడగలేదు. ఆ మూడింటినీ పక్కకు జరిపింది. ఎనిమిదింటిని దగ్గరగా చేర్చి, వాటి మీద కూర్చుంది. ఒంటి వేడి గుడ్లకు చేరడం లేదు. మధ్యలో ఈకలు అడ్డం. ముక్కుతో ఒక్కో ఈకే పీకింది. నొప్పికి కళ్ళు మూసుకుంది గానీ పీకడం ఆపలేదు. బోసి కడుపు గుడ్లకు ఆనించి, రెక్కలు పరిచి, కదలకుండా కూర్చుంది.

గాలి వచ్చింది. "వదినా, కాస్త లే. ఇక్కడ వేడెక్కువైంది. కలపాలి."

"ఈ జావ నువ్వు కలపక్కర్లేదు. పో."

గాలి పోయి తొండకు చెప్పింది. తొండ వచ్చి, నేలకు పొట్ట ఆనించి కొలిచింది. "అమ్మో! ఇక్కడ ఎండాకాలం దాచావు! ఎవరిచ్చారు నీకు?" అంటూ రెక్క కిందికి తల దూర్చింది.

కోడి ఒక్కటి పొడిచింది. పుట్టాక మొదటిసారి తొండ తల అడ్డంగా ఊపింది.

ఇరవై ఒకటో రోజున దున్నపోతే స్వయంగా బయల్దేరింది. అది బురదలోంచి లేవడమే ఒక వింత. చూడ్డానికి లోకమంతా వెనక నడిచింది.

"లే," అంది దున్నపోతు.

కోడి లేవలేదు.

"నాకు ఎవరి మీదా కోపం లేదు. ఎవరి మీదా జాలీ లేదు. అందరూ ఒకటే. లే." అంటూ మూతిని రెక్క కిందికి తోసింది.

కోడి ఈకలన్నీ నిక్కబొడుచుకుంది. కూర్చున్న చోటునుంచే ఆ తడి ముక్కు మీద బలంగా పొడిచింది.

"అమ్మోయ్!"

దున్నపోతు ఎగిరి దూకింది. ముక్కు నాకుతూ గిర్రున తిరిగింది.

చీమ మెల్లగా అంది: "అయ్యగారికీ తగులుతుందే!"

"తన ఒంటికైతే," అంది కప్ప.

మబ్బు వెనక సూర్యుడు పకపకా నవ్వాడు. ఆ నవ్వుకు దుప్పటి పర్రున చిరిగింది. కొంత వానై కురిసింది, కొంత గాలికి కొట్టుకుపోయింది. ఎండ సూటిగా వచ్చి దున్నపోతు నల్లటి వీపు మీద పడింది. "కాలింది, కాలింది!" అంటూ అది బురదగుంటకు పరుగు తీసింది. ఎండయినా వానయినా ఒకటే అని తొండ మెచ్చుకున్నది ఆ ఒంటినే.

ఆ సందట్లో, కోడి రెక్కల కింద టిక్కుమంది. మళ్ళీ టిక్కుమంది. ఎనిమిది పిల్లలు.

సూర్యుడు కిందికి వంగాడు. "తప్పయింది తల్లీ. వచ్చేశానుగా! ఈసారి గుడ్లు ఇసుకలో పెట్టి, హాయిగా తిరుగు."

కోడి పిల్లల్ని కడుపు కిందికి లాక్కుంది. పక్కనున్న మూడు గుడ్ల వైపు ఒకసారి చూసింది.

"నువ్వు మంచివాడివే నాయనా," అంది. "రేపు మళ్ళీ ఎవరో వచ్చి, అందరి మేలు కోసమని దుప్పటి కప్పితే?"

సూర్యుడు మెల్లగా పైకి జరిగాడు.

అప్పటినుంచే దున్నపోతు ఎండకు తాళలేదు, బురద వదలదు. వాన కురిస్తే మాత్రం ఏమీ తగలనట్టే నిలబడుతుంది. తొండ ఇప్పటికీ తల ఊపుతూనే ఉంది. ఎవరికో తెలియదు.

అప్పటినుంచే కోడి, బయట ఎంత ఎండ కాస్తున్నా, గుడ్లను దానికి వదలదు. బోసి కడుపు ఆనించి తనే కూర్చుంటుంది. దగ్గరికెళ్ళి చెయ్యి పెట్టి చూడండి, పొడుస్తుంది. మంచికే వచ్చామని చెప్పండి. ఇంకాస్త గట్టిగా పొడుస్తుంది.