డిసెంబరు పూల వాసన ఎటు పోయింది

ఒకప్పుడు డిసెంబరు పూలకు వాసన ఉండేది. అలాంటి ఇలాంటి వాసన కాదు. మల్లెలు, సంపెంగలు కలిపి పెట్టినా దాని ముందు వెలవెలబోయేవి. ఊదారంగు పువ్వు ఒక్కటి విచ్చుకుంటే వీధంతా ఘుమఘుమలాడేది. చెట్టు నిండా పూస్తే ఆ వాసన కొండెక్కి, కొండ దిగి, అవతలి లోయలోకి పోయేది.

ఆ లోయలో దుమ్ములగొండి ఉండేది.

ఎముకల్ని చెరుకుముక్కల్లా కొరికి నమిలే జంతువు అది. దానికి కళ్ళకన్నా ముక్కు మీదే నమ్మకం. పూలున్న చోట పిల్లలుంటారని ఎప్పుడో కనిపెట్టింది. పిల్లలు పువ్వుని చూసి ఊరుకోరు కదా. కోస్తారు, తల్లో పెట్టుకుంటారు, జేబుల్లో కుక్కుకుంటారు. అందుకే మంచు దిగే వేళకి అది వాసన పట్టుకుని కొండ దిగేది.

కొండ కింద ఊరివాళ్ళకి ఈ సంగతి తెలుసు. డిసెంబరు చెట్లని ఊరి బయటే పెరగనిచ్చేవాళ్ళు. పొద్దు వాలాక ఒక్క పువ్వు కూడా ఊరి చుట్టూ కట్టిన దడి దాటి లోపలికి రాకూడదు. దుమ్ములగొండి చెట్ల దగ్గరికి వచ్చేది. చుట్టూ తిరిగేది. పిల్లలు కనపడక, పళ్ళు కొరుక్కుంటూ వెళ్ళిపోయేది.

ఊరి చివరి ఇల్లు మార్తమ్మది. దడికి అవతల ఒక డిసెంబరు చెట్టు ఉంది. దాని కొమ్మ ఒకటి దడి అంచున ఆగి లోపలికి తొంగి చూస్తూ ఉండేది. ఆ చెట్టుని నరికేయమని మార్తమ్మ అత్త ఏలీశమ్మ ఏటా పోరు పెట్టేది. మార్తమ్మకి మనసొప్పేది కాదు.

"దాని దారిన అది పూస్తోంది అత్తయ్యా. ఉండనీండి," అనేది.

ఆ ఏడు క్రిస్మస్ ముందు రోజు వచ్చింది. మార్తమ్మ భర్త జకరయ్య డోలు మెడలో వేసుకుని పాటలవాళ్ళతో వెళ్ళాడు. వాళ్ళు ఇల్లిల్లూ తిరిగి పాడుకుంటూ సాయంత్రానికి చివరి ఇంటికి వస్తారు. వాళ్ళొచ్చేసరికి గుమ్మానికి తోరణం, చూరుకి నక్షత్రం ఉండాలి. మార్తమ్మ కోరిక అంతే.

వెదురు బద్దలతో నక్షత్రం కట్టింది. రంగు కాగితాలు తెప్పించింది. మైదాపిండి ఉడికించి గిన్నెడు జిగురు చేసింది. అన్నీ అరుగు మీద సర్దుకుని, పొయ్యి మీద అన్నం పొంగుతుంటే లోపలికి పోయింది. పోయింది ఒక్క క్షణమే.

తిరిగొచ్చేసరికి నాలుగేళ్ళ తీమోతి ఎర్రకాగితాన్ని ఉమ్మితో తడిపి బుగ్గలకి, మోకాళ్ళకి రుద్దుకుంటున్నాడు. ఆరేళ్ళ రూతు పచ్చకాగితం కత్తిరించి మేకపిల్లకి గౌను తొడుగుతోంది. అందరికన్నా చిన్నది, ఇంకా పాలు మానని బుజ్జమ్మ, జిగురు గిన్నెలో కూర్చుని ఉంది. కూర్చున్నది ఊరికే కూర్చోలేదు, రెండు చేతులతో తీసి తలకి నూనెలా రాసుకుంటోంది.

మిగిలిన కాగితాలైనా దక్కేవే. అంతలో కొండమీది చలిగాలి వచ్చి వాటిని ఎత్తుకుపోయింది.

ఏలీశమ్మ మంచం మీంచి చూసి అంది: "నీ పిల్లలు పండక్కి ఇల్లు ముస్తాబు చేస్తున్నారా, పండగని తరిమేస్తున్నారా?"

మార్తమ్మకి నవ్వొచ్చింది. ఆ వెనకే ఏడుపొచ్చింది.

"ఊరుకో మార్తా. బెత్లెహేము పశువులపాకకి రంగు కాగితాలు కట్టారా ఏంటి?"

"కట్టలేదు అత్తయ్యా. నక్షత్రం మాత్రం ఉంది కదా."

అప్పుడు రూతు దడి వైపు చూపించింది. "అమ్మా, పూలతో కడదామా?"

"వద్దు," అంది ఏలీశమ్మ. ఈసారి గొంతులో నవ్వు లేదు.

మార్తమ్మ ఆకాశం వైపు చూసింది. ఎండ బాగానే ఉంది. "పాటలవాళ్ళు వెలుగుండగానే వస్తారు. వాళ్ళు చూసి వెళ్ళగానే తీసి పొయ్యిలో వేసేస్తా. మంచు దిగేదాకా ఉంచను," అంది.

ఇక పిల్లల్ని ఎవరు ఆపగలరు? దడి తలుపు తీసుకుని పరుగెత్తారు. చేతికందిన కొమ్మలన్నీ విరిచేశారు. మార్తమ్మ తోరణం గుచ్చింది. నక్షత్రం అయిదు మూలలకీ ఊదాపూలు కట్టింది. ఇల్లంతా వాసనతో నిండిపోయింది. బుజ్జమ్మకి ఎవరూ పూలు ఇవ్వలేదు. రాలిన వాటిని తనే ఏరుకుని జిగురు తల మీద ఒక్కొక్కటే అంటించుకుంది.

పాటలవాళ్ళు రాలేదు. ఎవరింట్లోనో టీ ఇచ్చి ఉంటారు, ఇంకెవరింట్లోనో అరిసెలు పెట్టి ఉంటారు. డోలు చప్పుడు దూరంగానే ఉండిపోయింది. ఈలోగా మంచు వచ్చింది. రోజూ వచ్చే వేళకి కాదు, చాలా ముందే. కొండ మాయమైంది. తర్వాత పొలం మాయమైంది. తర్వాత దడి కూడా మసకబారింది.

"తియ్యి," అంది ఏలీశమ్మ. "మార్తా, తొందరగా తియ్యి."

మార్తమ్మ తోరణం లాగేసింది. నక్షత్రం మీది పూలు పీకేసింది. రూతు జడలోవి, తీమోతి జేబులోవి, మంచం కింద పడ్డవి అన్నీ ఏరి పొయ్యిలో వేసింది. బుజ్జమ్మ తల మీదవి మాత్రం రాలేదు. జిగురు ఎండి రాయిలా బిగుసుకుపోయింది. లాగితే పిల్ల కెవ్వుమంది.

"వేడినీళ్ళు పెడతా, నానితే వస్తాయి," అని మార్తమ్మ లోపలికి వెళ్ళి చెంబుతో తిరిగొచ్చింది.

బుజ్జమ్మ లేదు.

"ఇప్పటిదాకా ఇక్కడే ఉందమ్మా," అంది రూతు. "దాక్కున్నట్టుంది."

బుజ్జమ్మకి దాక్కోవడమంటే ఇష్టం. బియ్యం డబ్బా వెనక, మంచం కింద, ఎక్కడైనా దూరేది. పేరు పెట్టి పిలిస్తే కిలకిలా నవ్వి దొరికిపోయేది. మార్తమ్మ ఇల్లంతా వెతికింది. పెద్దపిల్లలిద్దర్నీ అత్త ఒళ్ళో కూర్చోబెట్టి, తలుపు గడియ వేసుకోమని చెప్పి, వాకిట్లోకి దిగింది. పిలవబోయి నోరు తెరిచింది.

దడి అవతల ఏదో పటుక్కున విరిగింది. ఎండుకొమ్మ విరిగిన చప్పుడు కాదది. ఎముక చప్పుడు.

"పండగా తల్లీ?" అంది మంచులోంచి ఒక గొంతు. చాలా మర్యాదగా ఉంది ఆ గొంతు.

మార్తమ్మ తెరిచిన నోరు మూసుకుంది. దడి తలుపు తెరిచే ఉంది. పిల్లలు పూలకి పరుగెత్తినప్పుడు తీసింది, మళ్ళీ ఎవరూ వేయలేదు. అక్కడ రెండు కళ్ళు వెలుగుతున్నాయి.

"పండగే," అంది.

"పూలు బాగా పూశాయి. లోయలో పడుకున్నదాన్ని లేపాయి. ఇంట్లో పిల్లలున్నారా తల్లీ?"

"లేరు."

"మరి ఈ పూలు కోసిందెవరు? కొమ్మలన్నీ ఇంతెత్తులోనే విరిగాయి." దుమ్ములగొండి తన భుజం వైపు చూసుకుంది. "నువ్వు పొడుగ్గా ఉన్నావే."

అది ఒక అడుగు లోపలికి వేసి ముక్కు ఎత్తింది. "చెట్టు బయట ఉంది. వాసన లోపల కూడా వస్తోంది. ఎక్కడబ్బా?"

అప్పుడు మార్తమ్మ చూసింది. వాకిటి మధ్యలో కోళ్ళని మూసే గంప బోర్లించి ఉంది. గంప మెల్లగా కదిలింది. దాని అంచు కింద ఒక ఊదారంగు పువ్వు, దాని పక్కన బుల్లి కాలివేళ్ళు.

గంపకి తనెంత దూరమో దుమ్ములగొండీ అంతే దూరం. ఇద్దరూ పరుగెత్తితే ముందు అందుకునేది అదే. పేరు పెట్టి పిలిస్తే బుజ్జమ్మ నవ్వుతుంది. పిలవకపోయినా, వాసన పిలుస్తూనే ఉంది.

మార్తమ్మ పక్కకి జరిగి వీపుని దడికి ఆనించింది. డిసెంబరు కొమ్మ చెంపకి తగిలింది.

"నీకు దణ్ణం పెడతా," అంది పెదవులు కదలకుండా. "కాసేపు వాసన ఆపు."

"ఆపడం నా చేతిలో లేదు మార్తా," అంది చెట్టు. "పువ్వు పూసిందంటే వాసన వస్తూనే ఉంటుంది. తీసుకుపోవాలంటే గాలి వల్లే అవుతుంది."

చూరు మీద కూర్చుని ఉన్న చలిగాలి కిందికి వంగింది. రంగు కాగితాలు ఎత్తుకుపోయిన గాలే అది. "నేను మోసుకుపోగలను. మళ్ళీ తెచ్చివ్వలేను. నేను తీసుకుపోయింది ఏదైనా తిరిగిరావడం చూశారా?"

దుమ్ములగొండి ఇంకో అడుగు వేసింది.

"వాసన లేకపోతే నన్నెవరు చూస్తారు?" అంది చెట్టు చివరికి. "కంపతోపాటు నరికి పొయ్యిలో పెడతారు. మీ అత్తే పెడుతుంది."

"పెట్టనివ్వను," అంది మార్తమ్మ. "వాసన ఉన్న పూలన్నీ పక్కన పెట్టి నిన్నే పెట్టుకుంటాం. నా పిల్లలు, వాళ్ళ పిల్లలు. ఈ నెలంతా నువ్వే."

గంప మళ్ళీ కదిలింది. దుమ్ములగొండి తల అటు తిరిగింది.

"తీసుకుపో," అంది చెట్టు గాలితో. "నా మీదిదీ, ఆ పిల్ల తల్లోదీ. మొగ్గల్లోది కూడా."

"ఇంకా విచ్చుకోని వాటిదీనా?"

"ఒక్క మొగ్గలో మిగిలినా అది కనిపెడుతుంది. వేళ్ళలోంచి లాగు."

గాలి లేచింది. చెట్టుని పట్టి ఊపింది. రేకు రేకులోంచి, మొగ్గ మొగ్గలోంచి, కొమ్మల్లోంచి, వేళ్ళలోంచి వాసనని లాగింది. గంప సందుల్లోంచి దూరి బుజ్జమ్మ తలంతా తడిమింది. మొత్తం మూటకట్టి, దుమ్ములగొండి ముక్కు ముందు నుంచే, దడి మీదుగా, పొలం మీదుగా కొండ వైపు దూసుకుపోయింది. దారిలో కనపడ్డ డిసెంబరు చెట్లన్నిటి వాసననీ అలాగే ఊడ్చుకుపోయింది.

గంప మీద ముక్కు పెట్టబోయిన దుమ్ములగొండి ఆగిపోయింది. "అరె," అంది. "అటు పోతున్నారే. ఇంత వాసనంటే ఎంతమంది పిల్లలో." వెనక్కి తిరిగి మంచులోకి పరుగెత్తింది. దాని అడుగుల చప్పుడు పొలంలో వినపడింది, కొండ మీద వినపడింది, తర్వాత వినపడలేదు.

మార్తమ్మ దడి తలుపు వేసింది. గంప ఎత్తింది. బుజ్జమ్మ నోట్లో వేలు పెట్టుకుని పైకి చూసి, దొరికిపోయానన్నట్టు కిలకిలా నవ్వింది. మార్తమ్మ పిల్లని గుండెకి హత్తుకుని అక్కడే మట్టిలో కూలబడింది. పిల్ల తల మీద పూలు అలాగే ఉన్నాయి. వాటిలో ముఖం దాచుకుని గట్టిగా ఊపిరి పీల్చింది. మైదా జిగురు వాసన వచ్చింది. పాల వాసన వచ్చింది. పూల వాసన రాలేదు.

చాలాసేపటికి లాంతర్లతో పాటలవాళ్ళు వచ్చారు. "ఏంటి మార్తా, నక్షత్రం బోసిగా ఉంది?" అన్నాడు జకరయ్య డోలు దించుతూ. మార్తమ్మ బుజ్జమ్మని చంక దించకుండానే జరిగిందంతా చెప్పింది. ఏలీశమ్మ మంచం దిగి, కర్ర పట్టుకుని దడి దాకా నడిచింది. ఎప్పుడూ నరికేయమనే ఆ చెట్టుని చేత్తో నిమిరింది. ఒక కొమ్మ పూలు కోసి నక్షత్రానికి కట్టింది. ఒక పువ్వు తన ముడిలో పెట్టుకుంది.

ఆ ఊళ్ళో మళ్ళీ ఏ పిల్ల కోసమూ ఎవరూ మంచులో వెతకలేదు. దుమ్ములగొండి మాత్రం గాలి వెంట ఒక కొండ నుంచి ఇంకో కొండకి తిరుగుతూనే ఉంది. గాలి ఎక్కడా ఆగదు కదా.

అప్పటినుంచే డిసెంబరు పూలకు వాసన లేదు. ముక్కుకి ఎంత ఆనించి చూసినా ఏమీ రాదు. అయినా ఆ నెల వచ్చిందంటే తల్లులు వాటినే కోసి, మాల కట్టి, ముందుగా ఇంట్లో అందరికన్నా చిన్నపిల్ల తల్లో పెడతారు.