మాలకొండయ్య మూట

పెంచలయ్య వచ్చిన దగ్గర్నుంచీ మాలకొండయ్యకు అన్నం సయించడం లేదు.

సముద్రం ఒడ్డున ఉప్పు పండించే కొటార్ల పక్కన చిన్న దర్గా. దాన్ని చూసుకునే ముసలి ఫకీరు దస్తగిరి తాతే ఉప్పు సత్యాగ్రహానికి వచ్చిన వాళ్లందరికీ గురువు. తెల్లారితే ఆయన వెంట నడిచి, ఉప్పునీళ్లు కాచి, గుప్పెడు ఉప్పు తీయాలి. దొరల చట్టంలో ఆ గుప్పెడికే జైలు.

దర్గా ముందు వేసిన పందిట్లోకి రానిచ్చే ముందు తాత ప్రతివాడి చేతా ఒట్టు వేయించుకున్నాడు. ఖాళీ చేతులతో వస్తాను, కొట్టినా చెయ్యెత్తను అని. "మనలో ఒక్కడి దగ్గర కత్తి కనబడితే చాలు, అందరి మీదా తుపాకులు పేలుస్తార్రా" అని కూడా చెప్పాడు.

పెంచలయ్య నిన్ననే దిగాడు. ఏ వూరని అడిగితే పొద్దున ఒక పేరు చెప్పాడు, సాయంత్రం ఇంకోటి చెప్పాడు. వెనక వరుసలో కూర్చుని చెవులు రిక్కిస్తాడు. అన్నిటికీ మించి వాడి కాళ్లు! మోకాళ్లు ఎండకు మాడి నల్లగా ఉన్నాయి. పిక్కలూ పాదాలూ మాత్రం పాలిపోయి ఉన్నాయి. నిక్కరేసి, పిక్కలకు పట్టీలు చుట్టి బూట్లు తొడిగే కాళ్లవి.

"తాతా, వాడు పోలీసు మనిషి. పంపించేయండి" అన్నాడు మాలకొండయ్య.

తాత పందిరి చివరికి చూశాడు. "ఏం నాయనా పెంచలయ్యా, అక్కడికి వినబడుతోందా? ఇట్టా ముందుకొచ్చి కూర్చో. సగం విని సగం చెబితే నీకే మాట వస్తుంది."

అందరూ గొల్లుమన్నారు. పెంచలయ్య మొహం కందిపోయింది. అయినా వచ్చి ముందు కూర్చున్నాడు. తాత వాడికి అన్నీ చెప్పాడు. ఏ దారిన పోతారో, పొయ్యి ఎక్కడ పెడతారో, ఎవరెవరు వస్తారో కూడా.

మాలకొండయ్య పళ్లు కొరుకుతున్నాడు. "దాచేది ఒక్కటన్నా ఉంచుకోకపోతే ఎట్టా తాతా?"

"మనకి దాచేదేముందిరా? సరేగానీ, రేపు నువ్వు కుండ మొయ్యాలి గదా. నీ మూట పెంచలయ్యకియ్యి."

మాలకొండయ్య మూటను ఒళ్లోకి లాక్కున్నాడు. "నా మూట నేనే మోసుకుంటా."

"ఇయ్యన్నా, నే మోస్తాలే" అని పెంచలయ్య చెయ్యి చాపాడు.

చాపిన ఆ చేతిని చూశాడు మాలకొండయ్య. తర్వాత తాత ఎడమచేతిని చూశాడు. పోయినసారి లాఠీ తగిలి విరిగిన మణికట్టు వంకరగా అతుక్కుంది. ఈసారి ఆయన మీద దెబ్బ పడనిచ్చేది లేదనుకునే ఇంటి దగ్గర బయల్దేరాడు తను.



మాలకొండయ్య మూట ముడి విప్పాడు. పంచె మడతల్లోంచి జానెడు కత్తి తీసి తాత ముందు పెట్టాడు.  పెంచలయ్య కళ్లు కత్తి మీదే ఉన్నాయి.

తాత దాన్ని తీసుకుని బొటనవేలితో పదును చూశాడు. పక్కనున్న దోసకాయల బుట్టను పెంచలయ్య ముందుకు జరిపి, కత్తి వాడి చేతికిచ్చాడు.

"కూరకి తరుగు నాయనా. చేదు చూసి మరీ తరుగు."

పెంచలయ్య కాసేపు కత్తి వైపే చూసి, తలొంచుకుని తరగడం మొదలుపెట్టాడు.

తాత మాలకొండయ్య వైపు తిరిగాడు. "ఇప్పుడు చెప్పరా. ఎవర్ని పంపించేయమంటావు?"

మాలకొండయ్య మూట మళ్లీ కట్టాడు. లేచి వెళ్లి దాన్ని పెంచలయ్య పక్కన పెట్టాడు. తనూ అక్కడే కూర్చుని, ఒక దోసకాయ తీసుకున్నాడు.